తెల్లబట్టల పెద్దాయన: మన పిట్టి త్యాగరాయ చెట్టి గారు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని అడిగినప్పుడు మేము వెనకాడినాము. మాది ఎనిమిదో క్లాసు చదువు. సంఘం సెక్రటరీగా మినిట్స్ పుస్తకం రాయడం, నూలు లెక్క, కూలి లెక్క రాయడం తప్ప వ్యాసాలు రాసిన అలవాటు లేదు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి. అయినా ఒక సంగతి చాలా రోజులుగా మనసులో గుచ్చుకుంటా ఉంది. అది రాసేస్తే భారం దిగుతుందని ఒప్పుకున్నాము.

పోయిన దీపావళికి ముందు సంఘం చీరల మూటతో టీ నగర్ లో ఒక అంగడికి పోయినాము. స్కూలు సెలవు గనక మనవణ్ణి కూడా తీసుకుపోయినాము. రైలు దిగి జనంలో నడుస్తా ఉంటే వాడు అడిగినాడు, టీ నగర్ లో టీ అంటే ఏంది తాతా అని. మేము నోరు తెరిచేలోపల అంగడి పిల్లవాడు అందుకున్నాడు. అది పాటలు కట్టిన త్యాగరాజస్వామి పేరని చెప్పినాడు. కాదురా, అది త్యాగరాయ చెట్టి గారి పేరు, ఆయన మనలాగే నేతవాళ్ళ ఇంట పుట్టిన తెలుగాయన అని మేమన్నాము. మనవడు నమ్మలేదు. ఆయన ఎప్పుడు పుట్టినాడు, ఏం నేసినాడు, ఇంత పెద్ద ఊరికి ఆయన పేరు ఎందుకు పెట్టినారు అని వరసగా అడిగినాడు. మాకు ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. నలభై ఏళ్ళుగా ఆ పేరున్న వీధుల్లో మూటలు మోసినవాళ్ళం, మాకే తెలియదు. ఆ సిగ్గుతోనే ఆయన బతుకు వెతకడం మొదలుపెట్టినాము. తెలిసినంత ఇక్కడ రాస్తున్నాము.

మనం ఈ ఊరికి ఎట్లా వచ్చినాము

అమెరికాలో ఉన్న జర్మనీ వాళ్ళ మనవలు, మునిమనవలు తమ ముత్తాత ఏ ఓడలో వచ్చినాడు, ఏ రేవులో దిగినాడు అని పాత ఓడల పట్టీలు తిరగేసి కనుక్కుంటారని మా సభ్యుడి కొడుకు ఒకరు చెప్పినాడు. మనకు ఓడ పట్టీ లేదు. మన తాతలు కాలినడకన, ఎద్దుబండ్ల మీద వచ్చినవాళ్ళు. మనకు మిగిలింది ఇంటిపేరు, గోత్రం, ఇంట్లో మాట్లాడే తెలుగు. అంతే. అయితే ఊరి చరిత్రలో మాత్రం మన జాడ బాగానే ఉంది.

1639లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు ఈ ఇసక తీరానికి వచ్చింది గుడ్డ కోసమే. అంతకుముందు వాళ్ళకు మచిలీపట్నంలో, నెల్లూరు సీమలో దుగరాజపట్నం దగ్గర కొఠీలు ఉండేవి. అక్కడికంటే ఇక్కడ గుడ్డ చవకగా దొరుకుతుందని ఫ్రాన్సిస్ డే ఈ చోటు పట్టినాడు. చోటు ఇచ్చింది దామెర్ల నాయకులు, తెలుగువాళ్ళు. వాళ్ళ తండ్రి చెన్నప్ప నాయకుడి పేరే చెన్నపట్నం అయింది. ఆ తర్వాత కంపెనీ వాళ్ళు నేతగాళ్ళను పిలిచి ఇళ్ళు కట్టుకోను చోటు ఇచ్చి పేటలు పెట్టినారు. గవర్నరు కాలెట్ పేరున కాలెట్ పేట, ఇప్పటి కాలాడిపేట, అట్లా పుట్టిందే. 1734లో గవర్నరు మోర్టన్ పిట్ కాలంలో చింతాద్రిపేట పుట్టింది. వడికేవాళ్ళు, నేసేవాళ్ళు, అద్దకంవాళ్ళు, చలువచేసేవాళ్ళు అందరూ ఒకచోట ఉండాలని కట్టిన పేట అది. నేసిన గుడ్డ ఉతికి ఆరేసిన చోటు వణ్ణారపేట. దాని పక్కన కొరుక్కుపేట, తండయారుపేట. ఈ ఉత్తర చెన్నపట్నమే మన త్యాగరాయ చెట్టి గారి మనుగడ.

చదువు, మగ్గం

ఆయన ఇంటిపేరు పిట్టి. దేవాంగ కులం. 1852 ఏప్రిల్ 27న పుట్టినారు. ఇల్లు కలిగిన ఇల్లే. నేత, గుడ్డల వ్యాపారం ఉన్న కుటుంబం. కలిగిన ఇళ్ళలో కూడా ఆ రోజుల్లో పిల్లవాడికి లెక్కలు వస్తే చాలు, అంగట్లో కూర్చోబెట్టేవాళ్ళు. ఈయన మాత్రం ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి 1876లో బి.ఏ. పాసయినారు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. నేతవాళ్ళ ఇంట్లో బి.ఏ. అంటే ఆ కాలంలో వీధి వీధంతా వచ్చి చూసి పోయే సంగతి.

ఆ 1876 నుంచే మద్రాసు సీమలో పెద్ద కరువు పట్టింది. లక్షల జనం చచ్చిపోయినారు. కరువులో మొదట ఆగేది మగ్గమే. తిండికే లేనివాడు కొత్త గుడ్డ కొనడు గదా. దానికి తోడు మాంచెస్టరు మిల్లు గుడ్డ ఓడల్లో దిగి చవకగా అమ్ముడు పోతా ఉండింది. మన నేతగాళ్ళు కొందరు కూలికి పోయినారు, కొందరు రంగూనుకు, సింహళానికి, ఇంకా దూర దేశాల తోటలకు ఓడలెక్కినారు. చదువుకున్న ఈయన ఆ సమయంలో సర్కారు ఉద్యోగం వెతుక్కోలేదు. ఇంటి వ్యాపారంలోకే దిగినారు.

ఆయన నేత శాలలో వంద దాకా మగ్గాలు ఆడినాయని చెబుతారు. అంతకంటే ముఖ్యం, ఫ్లై షటిల్ మగ్గాన్ని మద్రాసులో వాడకంలోకి తెచ్చిన తొలివాళ్ళలో ఆయన ఒకరు. ఈ కాలం పిల్లల కోసం కొంచెం వివరంగా రాస్తాము. పాత గుంట మగ్గంలో నాడెను కుడి చేత్తో విసిరి ఎడమ చేత్తో పట్టుకోవాలి, మళ్ళీ ఇటు నుంచి అటు విసరాలి. చేతులు ఎంత దూరం చాచగలిగితే అంతే పన్నా. వెడల్పు గుడ్డ కావాలంటే అటొకరు ఇటొకరు ఇద్దరు కూర్చోవాలి. ఫ్లై షటిల్ లో తాడు లాగితే చాలు, నాడె తనంతట తాను ఒక పెట్టెలో నుంచి ఇంకో పెట్టెలోకి పరిగెత్తుతుంది. ఒక చెయ్యి పలకను కొట్టడానికి ఖాళీగా ఉంటుంది. అదే మనిషి, అదే పొద్దు, గుడ్డ మాత్రం దాదాపు రెండింతలు వస్తుంది. ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన 1733లో కనిపెట్టిన పనిముట్టు ఇది. మన దగ్గరికి వచ్చి నిలబడడానికి నూట యాభై ఏళ్ళు దాటింది.

ఎందుకు అంత ఆలస్యం అంటే, మనవాళ్ళు భయపడినారు. పడుగు తెగుతుందన్నారు, నాణ్యం పోతుందన్నారు, ఉన్న పని ఇద్దరికి బదులు ఒకరికే సరిపోతుందన్నారు. ఆ భయంలో తప్పు లేదు. మా సంఘంలో జకార్డు పెట్టినప్పుడు, తర్వాత కరెంటు మగ్గం మాట వచ్చినప్పుడు మేమూ అట్లాగే గొంతు చించుకున్నాము. త్యాగరాయ చెట్టి గారు ఊరికే ఉపన్యాసం చెప్పకుండా తన సొంత శాలలోనే, తన సొంత డబ్బుతో పెట్టి నడిపి చూపినారు. నష్టం వస్తే తన ఇంటికి వచ్చేది. మాకు ఆయనలో మొదట నచ్చింది ఇదే.

1909లో మన వర్తకుల కోసం దక్షిణ భారత చేంబర్ ఆఫ్ కామర్స్ పుట్టినప్పుడు ముందు నిలబడినవాళ్ళలో ఆయన ఒకరు. చాలా ఏళ్ళు దానికి అధ్యక్షులుగా ఉన్నారు. అంతవరకు మద్రాసులో వర్తకుల సభ అంటే తెల్లదొరలదే.

కార్పొరేషన్ లో నలభై ఏళ్ళు

1882లో, ముప్పై ఏళ్ళ వయసులో, మద్రాసు కార్పొరేషన్ లో మెంబరు అయినారు. చచ్చిపోవడానికి రెండు మూడేళ్ళ ముందు దాకా ఆ కుర్చీ వదలలేదు. నలభై ఏళ్ళు. నీళ్ళ కొళాయి, మురికి కాలవ, వీధి దీపం, ఇంటి పన్ను, ఇదీ కార్పొరేషన్ పని. ఇందులో పేరు రాదు, తిట్లు వస్తాయి. సంఘం నడిపే మాకు ఆ కష్టం కొంచెం తెలుసు. నెలకొక మీటింగుకు పదిమందిని కూర్చోబెట్టడానికే మా తల ప్రాణం తోకకు వస్తుంది.

1920లో ఆయన కార్పొరేషన్ అధ్యక్షుల కుర్చీలో ఉన్నారు. సర్కారు ఉద్యోగి కాకుండా ఎన్నికై ఆ కుర్చీ ఎక్కిన మొదటి మనిషి ఆయనే. ఆయన హయాంలో జరిగిన ఒక చిన్న పని గురించి తెలుసుకున్న రోజు మాకు రాత్రి నిద్ర పట్టలేదు.

థౌజండ్ లైట్స్ లో కార్పొరేషన్ బడి ఉండేది. పేద పిల్లలు సరిగా వచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో మధ్యాహ్నం కూడు లేదు, ఖాళీ కడుపుతో పాఠం ఎక్కదు, తల్లిదండ్రులు ఏదో కూలికి పంపేసేవాళ్ళు. ఆ పిల్లలకు పగటిపూట టిఫిను పెడదామని, తలకు రోజుకు ఒక అణా మించకుండా ఖర్చు చేద్దామని 1920 సెప్టెంబరు 16న కౌన్సిల్ తీర్మానం చేసింది. పిల్లలు బడికి రావడం మొదలుపెట్టినారు. తర్వాత ఇంకో నాలుగు బడులకు పెంచినారు. ఆ అయిదు బడుల్లో 1922-23లో 811 మంది ఉన్న పిల్లలు 1924-25కు 1671 మంది అయినారు. ఒక అణా చేసిన పని చూడండి.

ఇది చదివినప్పుడు మాకు మా బడి గుర్తొచ్చింది. మా నాయన కూలి నేత. ఇంట్లో అయిదుగురం పిల్లలం. వానాకాలం వస్తే గుంటలో నీళ్ళూరి మగ్గం ఆగిపోయేది, ఆ రోజుల్లో పొయ్యి కూడా ఆగిపోయేది. మేము ఎనిమిది దాకా చదివినామంటే బడిలో మధ్యాహ్నం పెట్టిన అన్నమే కారణం. అల్యూమినియం గిన్నె చంకలో పెట్టుకుని పోయేవాళ్ళం. అది కామరాజర్ గారు 1956లో రాష్ట్రమంతా పెట్టిన భోజనం అని మాకు తెలుసు, ఆయన ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అయితే ఆ దారిలో మొదటి అడుగు వేసింది ఒక తెలుగు నేతింటి పెద్దాయన కూర్చున్న సభ అని మాకు అరవై ఏళ్ళు దాటినాక తెలిసింది. 2022లో బడిపిల్లలకు పొద్దున టిఫిను పథకం మొదలైనప్పుడు మా మనవరాలు తింటా ఉంది గదా అనుకున్నాము గానీ, ఈ లంకె మాకు తట్టలేదు.

పార్టీ, పదవి

ఆయన మొదట కాంగ్రెస్ మనిషే. తర్వాత దారి మారింది. ఆ కాలంలో సర్కారు ఉద్యోగాల్లో, కాలేజీల్లో, సభల్లో ఒక్క వర్గం వాళ్ళే ఎక్కువ ఉండేవాళ్ళు. నేతవాళ్ళు, రైతులు, చేతిపనులవాళ్ళు లెక్కలోకి వచ్చేవాళ్ళు కాదు. మైలాపూరు కపాలీశ్వరుడి గుడి కుంభాభిషేకానికి ఆయన పెద్ద చందా ఇచ్చినా, వేదిక మీద చోటు ఇవ్వలేదని పెద్దలు ఒక కథ చెబుతారు. ఆయన దైవభక్తి గలవారు. భక్తి ఉన్నవాడికే ఆ మాట ఎక్కువ తగులుతుంది.

డాక్టరు టి.ఎం. నాయర్ గారికీ ఈయనకూ కార్పొరేషన్ లో అసలు పడేది కాదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి వాదాడుకునేవాళ్ళు. డాక్టరు నటేశ ముదలియార్ గారు మధ్యలో ఉండి ఇద్దరినీ కలిపినారు. 1916 నవంబరు 20న మద్రాసులో పెద్దలందరూ కూడి సంఘం పెట్టినారు. జస్టిస్ అని ఇంగ్లీషు పత్రిక, ద్రావిడన్ అని అరవ పత్రిక నడిపినారు. మన తెలుగు వాళ్ళ కోసం ఆంధ్రప్రకాశిక కూడా వాళ్ళ వైపు పత్రికగా నడిచింది. ఇంగ్లీషు పత్రిక పేరే చివరికి పార్టీకి నిలిచిపోయింది, జస్టిస్ పార్టీ అని. ఆ ఏడాది డిసెంబరులో బ్రాహ్మణేతరుల ప్రకటన వచ్చింది త్యాగరాయ చెట్టి గారి సంతకంతోనే. అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్ళు, ఇంచుమించు ఇప్పటి మా వయసు. మేమయితే సెక్రటరీ పని ఎప్పుడు దించుకుందామా అని చూస్తా ఉన్నాము, ఆయన ఆ వయసులో కొత్త మగ్గం ఎక్కినారు.

నాయర్ గారు 1919లో లండనులో కాలం చేసినారు. మొత్తం భారం ఈయన మీద పడింది. 1920 చివర్లో జరిగిన ఎన్నికల్లో 98 చోట్లకు 63 గెలిచినారు. గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు మంత్రివర్గం కట్టమని త్యాగరాయ చెట్టి గారినే పిలిచినారు. ఆయన వద్దన్నారు. ఆ పదవి కడలూరు సుబ్బరాయలు రెడ్డియార్ గారికి పోయింది. ఆయన ఆరోగ్యం బాగాలేక దిగినాక 1921లో పానగల్ రాజా రామరాయణింగారు గారు ఎక్కినారు, ఆయనా తెలుగాయనే. ఆ సర్కారు కాలంలోనే ఆడవాళ్ళకు ఓటు హక్కు తీర్మానం అయింది, అన్ని వర్గాలకు ఉద్యోగాల్లో వాటా ఆర్డరు వచ్చింది. అంటే చేతికి అందిన ముఖ్యమంత్రి కుర్చీని ఈయన పక్కవాడికి ఇచ్చి, తాను పార్టీ పనిలో, కార్పొరేషన్ పనిలో ఉండిపోయినారు. ఈ రోజు సంఘం డైరెక్టరు పదవికే మనవాళ్ళు ఎంత కొట్టుకుంటారో అందరికీ తెలుసు. ఎక్కువ రాయము.

ఆయనను అందరూ మెచ్చుకున్నారని కూడా మేము రాయము. తెల్లదొరల సర్కారుతో చెయ్యి కలిపినారని, స్వరాజ్యానికి అడ్డం నిలిచినారని ఆ రోజే చాలామంది తిట్టినారు. గాంధీ గారు రాట్నం పట్టమని దేశమంతా తిరుగుతున్న రోజులు అవి. నేతవాళ్ళలోనే సగం మంది అటు, సగం మంది ఇటు. మా తాత గాంధీ టోపీ పెట్టినవాడు. ఆయన బతికి ఉంటే ఈ వ్యాసం రాసినందుకు మమ్మల్ని తిట్టి ఉండునేమో. కానీ పెద్దవాళ్ళ బతుకు రాసేటప్పుడు నచ్చనిది కూడా రాయాలి. పడుగులో తెగిన పోగును దాచిపెట్టి నేస్తే గుడ్డ మీద ఎట్లాగూ బయటపడుతుంది.

తెల్లబట్టలు

సర్ బిరుదు వచ్చినా ఆయన వేషం మారలేదు. తెల్ల పంచె, తెల్ల కోటు, తెల్ల తలపాగా. అరవం వాళ్ళు ఆయనకు వెళ్ళుడై వేందర్ అని పేరు పెట్టినారు, అంటే తెల్లబట్టల రాజు అని. నేతవాడికి తెల్లగుడ్డ విలువ తెలుసు. రంగు గుడ్డలో తప్పు దాగుతుంది, తెల్లగుడ్డలో పోగు పక్కకు జరిగినా కనబడుతుంది.

1925 ఏప్రిల్ 28న, డెబ్బై మూడు నిండిన మరునాడు, ఆయన కాలం చేసినారు. అదే నెల ఒకటో తేదీ నుంచి ప్రాథమిక విద్య నిధిలో నుంచి బడి టిఫినుకు డబ్బు పెట్టకూడదని సర్కారు ఆపేసింది. ఈ రెండు సంగతులూ ఒకే నెలలో జరిగినాయని చూసినప్పుడు మేము కాసేపు కాగితం పక్కన పెట్టి కూర్చున్నాము.

పేరు మిగిలిన చోట్లు

ఆ రోజుల్లోనే పడమటి పక్క ఉన్న పెద్ద చెరువును పూడ్చి కొత్త ఊరు కడుతున్నారు. ఆ ఊరికి త్యాగరాయ నగర్ అని పేరు పెట్టినారు. మధ్యలో పార్కు పానగల్ రాజా గారి పేరున. పాండీ బజారు అని మనం పిలిచే వీధి అసలు పేరు కూడా త్యాగరాయ రోడ్డే. రిప్పన్ బిల్డింగు ఆవరణలో ఆయన విగ్రహం ఉంది. వణ్ణారపేటలో 1950లో పెట్టిన కాలేజీ ఆయన పేరున నడుస్తా ఉంది. 2021 ఫిబ్రవరిలో మెట్రో రైలు అటు పోయినప్పుడు ఒక స్టేషనుకు సర్ త్యాగరాయ కాలేజీ అని పేరు వచ్చింది. రోజూ వేలమంది ఆ పేరు మైకులో వింటా దిగుతారు.

దేశం మొత్తంలో చీరలు ఎక్కువ అమ్ముడుపోయే చోట్లలో టీ నగర్ ఒకటి. ఒక నేతింటి మనిషి పేరున్న ఊళ్ళో ఇన్ని చీరలు అమ్ముతారు గదా, అది నేసినవాడి సంగతి ఏమిటి అని మేము అడగకుండా ఉండలేము. ఆ వీధుల్లోనే ఒక అంగడి మా సంఘం సరుకుకు పద్నాలుగు నెలలు డబ్బు తిప్పింది. ఆ సంవత్సరం మా దగ్గర ఆరు మగ్గాలు ఆగిపోయినాయి. అందులో ఇద్దరు పిల్లలు వాచ్‌మన్ పనికి పోయినారు, తిరిగి రాలేదు. మొన్న ఆ అంగడి ముందు నుంచే పోతా బోర్డు మీద త్యాగరాయ రోడ్డు అని చదివినాము. చదివి ఊరుకున్నాము. ఏం చేస్తాము.

చివరగా పెద్దలకు ఒక మనవి. మా సంఘం ఆఫీసులో గాంధీ గారి ఫోటో ఉంది, కామరాజర్ ఫోటో ఉంది, త్యాగరాయ చెట్టి గారి ఫోటో లేదు. ఈ నెల మీటింగులో తీర్మానం పెట్టి ఒకటి తగిలించినాము, ఖర్చు సభ్యుల చందా. ఫెడరేషన్ లోని ప్రతి సంఘమూ అట్లాగే చెయ్యాలని మా కోరిక. ఏప్రిల్ 27న ఆ రోజు పిల్లలను పిలిచి, ఒక పూట టిఫిను పెట్టి, ఆయన కథ తెలుగులో చెప్పాలి. తెలుగు చదవడం రాని పిల్లలు కూడా చెవితో వింటారు.

మనవడు మళ్ళీ అడిగితే ఇప్పుడు మా దగ్గర జవాబు ఉంది. పోయిన ఆదివారం వాణ్ణి రిప్పన్ బిల్డింగుకు తీసుకుపోయి విగ్రహం చూపినాము. వాడు చాలాసేపు చూసి, తాతా, ఈయన తలపాగా గుడ్డ ఎవరు నేసి ఉంటారు అని అడిగినాడు. మా మనవడేగా అనుకున్నాము.